చేతులు మడిచి తొడిగిన కోటు

పార్డీస్ కోవ్, నోవా స్కోషియా
1996 సెప్టెంబర్ 8

ఎల్‌వుడ్ అన్నయ్యా,

నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తినా ఊ, ఆ తప్ప పలకవు. అందుకే కాగితం ముందేసుకు కూర్చున్నాను. బర్టన్ మామ మంగళవారం పొద్దున పోయాడు. ఎనభై ఒక్కేళ్ళు. రేడియోలో వాతావరణం వింటూ కుర్చీలోనే ఉండిపోయాడు. మార్లీన్ ఓట్స్ జావ పట్టుకెళ్ళి, నిద్రపోతున్నాడనుకుని బల్లమీద పెట్టి ఇంటికొచ్చేసింది. పది గంటలకి గిన్నె తెచ్చుకుందామని వెళితే జావ అలాగే ఉంది, మామా అలాగే ఉన్నాడు.

శుక్రవారం మట్టి చేశాం. చర్చిలో నిలబడడానికి కూడా చోటు లేదు. నాన్న సముద్రంలో పోయాక చెల్లెలి పిల్లలిద్దరినీ సొంత కొడుకుల్లా పెంచి, పడవ పని నేర్పి, మనుషుల్ని చేశాడని పాస్టరుగారు చెప్పారు. అందరూ నా వంక చూశారు. నేను తల ఊపాను. పేటిక మోసే ఆరుగురిలో నీ పేరు కూడా రాశాం. నువ్వు రాకపోతే పోస్టాఫీసు డెల్లా మొగుణ్ణి నిలబెట్టాం. నీకు సెలవు దొరకలేదని నేనే అబద్ధమాడాను.

గార్నెట్ కూడా రాలేదు. వాడు నీకు గుర్తుండడు, నువ్వు ఊరు విడిచేనాటికి ఐదేళ్ళవాడు. నేను పెళ్ళి చేసుకుని మార్లీన్ వాళ్ళ నాన్న పడవకి మారినప్పుడు, నా చోట్లో పన్నెండేళ్ళవాడు చేరాడు. అప్పట్నుంచి మామ సముద్రం మానేసేదాకా ఇరవై రెండేళ్ళు ఆ పడవ మీదే పడున్నాడు. సొంత పడవ లేదు, పెళ్ళి లేదు, వేరే కెప్టెన్లు ఎక్కువిస్తామని పిలిచినా పోలేదు. ఊరంతా వాణ్ణి బర్టన్ తోక అంటారు. మట్టి చేసేవేళ ఆ తోక రేవు చివర కూర్చుని తాగుతోందట.

పడవా, లాబ్‌స్టర్లు పట్టే లైసెన్సూ మామ నాకే రాశాడు. ఆరేళ్ళుగా నడుపుతున్నది నేనే కదా. రంగులు మాత్రం మనిద్దరికీ అన్నాడు. మన తీరంలో రంగులంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. నీళ్ళమీద పసుపూ నలుపూ పూసిన చెక్క బోయా తేలుతుంటే కిందున్న లాబ్‌స్టర్ బోను బర్టన్‌ది అని పసివాడైనా చెబుతాడు. మనిషి పోయినా అతని రంగులు నీళ్ళమీద ఉంటాయి. పేటిక మీద పువ్వులకి బదులు ఒక బోయా పెట్టాం. దానికే మళ్ళీ కొత్తగా రంగు పూసి నీకు పార్సెల్ చేశాను. గోడకి తగిలించుకో. బస్సులు బాగుచేసేవాడి ఇంట్లో కాస్త సముద్రం వాసన ఉంటే తప్పేం లేదు.

ఒక వింత చెప్పనా. మామ పోయినప్పట్నుంచి నాకు నిద్ర బాగా పడుతోంది. ఏడవాల్సిన మనిషివి గురక పెడతావేమిటని మార్లీన్ వెక్కిరిస్తోంది. నువ్వు సరిగా తింటున్నావా అని కూడా అడగమంది. అడిగాను.

నీ తమ్ముడు
మర్రే


హామిల్టన్, ఒంటారియో
1996 సెప్టెంబర్ 20

మర్రే,

ఉత్తరం అందింది. పార్సెల్ కూడా అందింది. బాగానే తింటున్నానని మార్లీన్‌కి చెప్పు. ఇక్కడ గ్యారేజీలో ఊపిరాడడం లేదు. స్కూళ్ళు తెరిచారు, బ్రేకులు అరిగిన బస్సులు వరసకట్టి వస్తున్నాయి. రిటైరయ్యేలోపు కొత్త లిఫ్టు పెట్టిస్తామని పదేళ్ళుగా చెబుతున్నారు. ఇంకా నడుం వంచే పని చేస్తున్నాం.

నీ పడవ ఇంజను సంగతి రాయలేదు. పోయినేడు వేడెక్కుతోందన్నావు. నీళ్ళ పంపు మార్చు, ఇంజను జోలికి వెళ్ళకు.

బోయాని తిరిగి పంపుతున్నాను. నా ఇల్లు చిన్నది, పెట్టడానికి చోటు లేదు. కోపం తెచ్చుకోకు. నీకు నిద్ర పడుతున్నందుకు సంతోషం.

ఎల్‌వుడ్


పార్డీస్ కోవ్
1996 అక్టోబర్ 2

హామిల్టన్ దొరగారికి,

మీరు పంపిన బోయా చేరింది. పోస్టాఫీసు డెల్లా దాన్ని చేతికిస్తూ, "ఎల్‌వుడ్ వద్దన్నాడా?" అంది. అప్పటికి లోపల నలుగురున్నారు. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. చచ్చిపోయిన మనిషి రంగుల్ని తిప్పి పంపినవాడు ఈ తీరంలో ఇంతవరకు లేడు. ఆ పేరు మన ఇంటికే దక్కింది.

చోటు లేదా? అది నా చెయ్యంత ఉంటుంది. నీకు మా చేపల వాసన నామోషీ, ఆ మాట చెప్పు. ముప్ఫై అయిదేళ్ళలో నాలుగుసార్లు వచ్చావు. అమ్మని మట్టి చేసిన రోజు కూడా చర్చిలో ఆఖరి బెంచీ మీద కూర్చుని, సాయంత్రం బస్సుకే పోయావు. మామ చెయ్యి చాపితే జేబులోంచి చెయ్యి తియ్యలేదు. నేను చూశాను. అందరూ చూశారు. నువ్వూ ఆ గార్నెట్‌గాడూ ఒకటే, తిన్న ఇంటిమీద విశ్వాసం లేదు.

లైసెన్సులో వాటా రాలేదని మనసులో ఉంటే అది కూడా బయటికి చెప్పు. ఇన్నేళ్ళూ ఇక్కడ గడ్డకట్టుకుపోతూ పనిచేసింది నేను. నువ్వేం చేశావు? పదిహేడో ఏట బస్సెక్కావు. ఎక్కేముందు నీ రబ్బరు కోటు విప్పి నాకు తొడిగి, పొడుగైన చేతులు రెండు మడతలు వేసి, "ఇక నువ్వే పెద్దాడివి" అన్నావు. ఎంత పొంగిపోయానో. ఆ కోటు వేసుకుని మర్నాడే నీ చోట్లో పడవెక్కాను. నువ్వు వదిలేసిన పనే నేను జీవితమంతా చేశాను, దానికి నాకు దక్కింది తిప్పి పంపిన పార్సెల్.

మార్లీన్ నేనిలా రాయకూడదంది. రాశాను.

మర్రే


హామిల్టన్
1996 అక్టోబర్ 14

తమ్ముడూ,

ఇవాళ థాంక్స్‌గివింగ్ సెలవు. చుట్టుపక్కల ఇళ్ళన్నిటిలోంచీ టర్కీ కోడి వేగుతున్న వాసన వస్తోంది. నేను పొద్దున్నుంచి నాలుగు కాగితాలు చింపాను. ఇది అయిదోది. దీన్ని చింపను.

నాకు లైసెన్సులో వాటా వద్దు. చేపల వాసన నామోషీ కాదు. నీమీద కోపం లేదు. నీ పార్సెల్ విప్పగానే ఆ రంగు వాసన కొట్టింది. యాభై రెండేళ్ళవాణ్ణి, వంటింటి సింకులో వాంతి చేసుకున్నాను. అందుకే తిప్పి పంపాను. చోటు లేదన్నది అబద్ధం.

రెండేళ్ళుగా మంగళవారం సాయంత్రాలు ఒకచోటికి వెళుతున్నాను. లైబ్రరీ వెనకున్న గది. ఎనిమిది మందిమి, అందరం మగవాళ్ళం. ఒకాయన రొట్టెల వ్యాను నడిపి రిటైరయ్యాడు. ఒకడికి ఇంకా పాతికేళ్ళు కూడా లేవు. డెస్మండ్ అని ఒకతను మా మాటలు దారి తప్పకుండా చూస్తాడు. తలుపుమీద ఏం రాయాలో తెలియక స్టాంపుల సంఘం అని రాసిపెట్టారు. ఒకరోజు నిజంగానే స్టాంపులు పోగుచేసే పెద్దమనిషి ఆల్బం చంకలో పెట్టుకొచ్చి కూర్చున్నాడు. నీళ్ళు నమిలి నమిలి చివరికి చెప్పాం, ఇక్కడికి వచ్చేవాళ్ళంతా ఒకప్పుడు బలాత్కారానికి గురైన మగవాళ్ళని. ఆయన క్షమించమని ఆల్బం తీసుకుని వెళ్ళిపోయాడు. రెండు వారాలకి మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆల్బం లేదు.

నేనెందుకు వెళుతున్నానో ఈపాటికి నీకు అర్థమై ఉంటుంది. పదకొండో ఏట నుంచి పదిహేడో ఏడు వచ్చేదాకా, రేవు పక్కన బోయాలకి రంగులు వేసే కొట్టులో, బర్టన్ మామ నన్ను చెరిచాడు. ఈ మాట మగపిల్లలకి వాడతారో లేదో నాకు తెలియదు. వేరే మాట దొరకలేదు. కొట్టేవాడు కూడా కాదు. "మీ అమ్మ తినే రొట్టె ఎవరిదిరా" అనేవాడు, అంతే. ఆ మాటతో నా నోరు ముప్ఫై తొమ్మిదేళ్ళు మూసుకుపోయింది. పెళ్ళాంతో కూడా చెప్పలేదు. చెప్పకుండానే ఆమెను పోగొట్టుకున్నాను.

వచ్చినప్పుడల్లా సాయంత్రం బస్సుకే ఎందుకు పోయేవాణ్ణో అదీ సంగతి. రేవులో ఎటు చూసినా ఆ పసుపూ నలుపే.

ఇన్నేళ్ళూ నేను అడగడానికి భయపడ్డది ఒక్కటే ఉంది. నా తర్వాత ఆ పడవెక్కింది నువ్వు. నిన్ను కూడానా? లేదని రాయి. నిజమైతేనే రాయి.

ఎల్‌వుడ్


పార్డీస్ కోవ్
1996 అక్టోబర్ 24

ఎల్‌వుడ్,

నీ ఉత్తరం పొయ్యిలో పడేశాను. మార్లీన్ చూడలేదు. ఇలాంటివి కాగితం మీద పెట్టకు. డెల్లా కవర్లను వెలుతురుకి పట్టి చూస్తుందని అందరికీ తెలుసు.

చచ్చినవాడు లేచొచ్చి జవాబు చెప్పుకోలేడు. ఆయన పెట్టిన రొట్టె అమ్మ తిన్నది, నువ్వు తిన్నావు, నేను తిన్నాను. ఎవరో ఎనిమిదిమంది ఒక గదిలో కూర్చుని ఏడిస్తే ఆ ఏడుపు నీకు అంటుకుంది. నాకేం కాలేదు.

సీజను మొదలవడానికి ఇంకో నెల. బోనులు మూడొందల డెబ్బయ్యైదూ సరిచూశాను. నీళ్ళ పంపు మార్చాను. నువ్వన్నదే నిజం, ఇంజను వేడెక్కడం లేదు. ఎర చేపలు ఉప్పులో వేశాం. బోయాలకి రంగు మాత్రం ఇంకా వేయలేదు. కొట్టుకి వెళ్ళి డబ్బా మూత తీశాను, మళ్ళీ పెట్టేసి వచ్చాను. మూడుసార్లు అలాగే అయింది. ఇదంతా నీ ఉత్తరం చలవే.

ఒక్కటి అడుగుతాను, తిన్నగా జవాబు చెప్పు. బస్సెక్కే రోజు నాకు కోటు తొడిగి చేతులు మడిచావే. నన్ను ఎక్కడికి పంపుతున్నావో అప్పుడు నీకు తెలుసా?

మర్రే


హామిల్టన్
1996 నవంబర్ 1

తమ్ముడూ,

నీకేం కాలేదన్నావు. నువ్వు అడిగిన ప్రశ్న మాత్రం ఏమీ కానివాడు అడిగేది కాదు. నిన్న మధ్యాహ్నం ఉత్తరం చదివి, గ్యారేజీలో గోతిలోకి దిగి, బస్సు కింద కూర్చుని ఏడ్చాను. పైనున్నవాళ్ళు నేను బోల్టు వెతుకుతున్నాననుకున్నారు.

నువ్వు తిన్నగా అడిగావు. తిన్నగానే చెబుతాను. నాకు తెలుసు.

బయల్దేరే ముందురోజు మామ కొట్టు గుమ్మంలో నిలబడి, "పోతే పో. చిన్నోడున్నాడుగా" అన్నాడు. అది విన్నాను. విని కూడా బస్సెక్కాను. నీకు చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు. నువ్వు మొండివాడివి, ఎదురు తిరుగుతావు, నీ జోలికి రాడు అని నాకు నేను చెప్పుకున్నాను. నీకప్పుడు పన్నెండేళ్ళు. కోటు చేతులు మడుస్తుంటే నీ మణికట్టు నా రెండు వేళ్ళలో ఇమిడిపోయింది. అది నాకు ఇప్పటికీ గుర్తుంది. అయినా బస్సెక్కాను.

గదిలో నా మిగతా కథంతా వాళ్ళకి తెలుసు. ఇది మాత్రం చెప్పలేదు. చెబితే నువ్వూ పిల్లాడివేగా, నీ తప్పేముంది అంటారని తెలుసు. ఆ మాట వాళ్ళనోట వినదలచుకోలేదు. అనే హక్కు ఎవరికైనా ఉంటే అది నీకే ఉంది. అనమని అడగను.

ఈ కాగితం వెనక ఒక ఫోన్ నంబరు రాశాను, యార్మత్ పట్నంలోది. డెస్మండ్ కనుక్కున్నాడు. ఇలాంటివి జరిగిన ఆడవాళ్ళ కోసం పెట్టిన హెల్ప్‌లైను అట. మగవాళ్ళకంటూ మన తీరంలో ఏమీ లేదన్నాడు. అయినా చెయ్యి. నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు, వాళ్ళతో మాట్లాడు.

ఎల్‌వుడ్


హామిల్టన్
1996 నవంబర్ 15

మర్రే,

నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. ఫోన్ చేస్తే మార్లీన్ ఎత్తి, నువ్వు బయట ఉన్నావంది. ఆవిడ గొంతు అదోలా ఉంది. సముద్రం మీదికి వెళ్ళే రోజు దగ్గరపడింది, ఈ మనసుతో పడవ నడపకు. రెండు ముక్కలు రాయి. తిట్టయినా రాయి.

ఎల్‌వుడ్


పార్డీస్ కోవ్
1996 నవంబర్ 27

అన్నయ్యా,

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివాక నీ మొహాన ఉమ్మాలనిపించింది. ఉన్నమాట చెబుతున్నాను. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. జబ్బు చేసిందనుకుని మార్లీన్ చేపల సూపు మీద చేపల సూపు పెట్టింది.

నాకూ జరిగింది. పన్నెండు నుంచి పంతొమ్మిది దాకా. ఆ కొట్టులోనే, ఆ రొట్టె మాటతోనే. ఈ ఒక్క ముక్క రాయడానికి నాలుగు రోజులు పట్టింది. అన్నయ్యకి తెలియదు, తెలిస్తే పరిగెత్తుకొచ్చి నన్ను తీసుకుపోయేవాడు అనుకుంటూ ఆ ఏడేళ్ళు బతికాను. నువ్వు తెలుసు అని రాసేసరికి అది కూడా పోయింది.

నిన్ను తిడదామని కూర్చుంటే మాత్రం కలం కదల్లేదు. ఎందుకంటే ఆ కోటు నేను గార్నెట్‌కి తొడిగాను. పెళ్ళి కుదిరిన వారంలోనే. దాని చేతులు నేనే మడిచాను. నాకూ తెలుసు.

యార్మత్ నంబరుకి పక్క ఊరి పెట్రోలు బంకు నుంచి ఫోన్ చేశాను. ఒకావిడ ఎత్తి, మీ భార్యకా, కూతురికా అని అడిగింది. నాకే అన్నాను. పెట్టేస్తుందనుకున్నాను. "ఇంతవరకు మగవాళ్ళెవరూ చెయ్యలేదండీ. ఏం మాట్లాడాలో నాకూ తెలియదు. నేర్చుకుంటాను, మీరు పెట్టెయ్యకండి" అంది. నా చిల్లర అయిపోయేదాకా మాట్లాడింది. అయిపోయేముందు అక్కడి ఫోన్ నంబరు అడిగి, తర్వాత తనే చేసింది.

మర్నాడు బోయాలన్నీ కొట్టులోంచి ఇంటిముందు గడ్డిలోకి లాగి, పసుపూ నలుపూ గీకడం మొదలుపెట్టాను. మార్లీన్ వచ్చి పిచ్చిపట్టిందా అంది. గడ్డిలో మోకాళ్ళ మీద ఉండే అంతా చెప్పాను. నీ సంగతి, నా సంగతి, గార్నెట్ సంగతి. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురం అయిపోయిందనుకున్నాను. వంటింటి అలమారలకని కొనిపెట్టుకున్న ఆకుపచ్చ రంగు డబ్బాలూ, ఇంకో గీకుడు కత్తీ పట్టుకుని బయటికొచ్చింది.

మూడోరోజు గార్నెట్ రోడ్డుమీద పోతూ ఆగాడు.

"పసుపు ఏమైంది?" అన్నాడు.

"గీకేశాను. ఎందుకో నీకు తెలుసు. ఆ కోటు నీకు తొడిగినప్పుడు నాకూ తెలుసు గార్నెట్. నన్ను నువ్వేమన్నా అను."

వాడు ఒక బోయా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, రేపు గాలి ఎటు వీస్తుందో చెప్పినట్టు చెప్పాడు.

"కోటు నా దగ్గరే ఉంది. ఎవరికీ ఇవ్వలేదు. నేను దిగితే ఇంకో పిల్లాణ్ణి ఎక్కించుకుంటాడు కదా. అందుకే దిగలేదు."

ఇరవై రెండేళ్ళు, అన్నయ్యా. పన్నెండో ఏట ఎక్కినవాడు ముప్ఫై నాలుగో ఏట దిగాడు, మామ సముద్రం మానేశాక. ఎక్కువిస్తామన్నా పోలేదని మేం వాణ్ణి చూసి నవ్వాం. తోక అన్నాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఆరేళ్ళుగా ఆ రంగుల్ని వాడి కళ్ళముందే నీళ్ళమీద తేలించాను కూడా. నువ్వు పారిపోయావు, నేను పారిపోయాను, వాడొక్కడే నిలబడ్డాడు. నేను గడ్డిలో కూలబడి ఏడుస్తుంటే వాడు నా పక్కన కూర్చుని బోయాలు గీకాడు. సాయంత్రానికి నలభై పూర్తిచేశాడు.

సోమవారం బోనులు దించే రోజు. గార్నెట్ నా పడవెక్కాడు, చుక్క తాగకుండా. చలికి రంగు సరిగా ఆరలేదు, మా ఇద్దరి చేతులూ ఆకుపచ్చే. రేడియోలో ఎవడో, "మర్రే, వంటిల్లు సముద్రంలో ముంచేశావా? ఎవరిదిరా ఆ ఆకుపచ్చ?" అన్నాడు. పడవలన్నీ నవ్వాయి. గార్నెట్ నా చేతిలోంచి మైకు తీసుకుని, "మాది" అన్నాడు. నువ్వు తిప్పి పంపిన బోయాని కూడా గీకి రంగు వేశాం. మొదటి బోనుకి దాన్నే కట్టాం.

గురువారం యార్మత్ వెళుతున్నాను, ఆవిడని కలవడానికి. గార్నెట్ వస్తానన్నాడు కానీ లోపలికి రాడట, ట్రక్కులో కూర్చుంటాడట. సరే అన్నాను. ట్రక్కు దాకా వస్తున్నాడు కదా.

నిన్ను క్షమించానో లేదో నాకు తెలియదు. గార్నెట్ నన్ను క్షమించాడో లేదో కూడా తెలియదు, అడిగే ధైర్యం లేదు. సీజను మే నెలాఖరుకి అయిపోతుంది. అప్పుడు రా. మనిద్దరం కలిసి వాడి ఇంటికి వెళ్ళాలి. సాయంత్రం బస్సుకి మాత్రం టిక్కెట్టు కొనకు. పొద్దున రేవంతా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడిచి చూశాను. పసుపూ నలుపూ ఎక్కడా లేదు.

నీ తమ్ముడు
మర్రే